లిథియం వాడే పెద్దాయనకు మహమ్మారి కాలంలో జ్వరం వస్తే, చూసుకునే మనిషే మంచం పడితే

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇది. మీ నాన్నగారికి డెబ్బై దాటాయి. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి గుంటూరు బ్రాడీపేటలో మీ అమ్మగారితో ఉంటున్నారు. బైపోలార్ జబ్బుకు పాతికేళ్లుగా లిథియం వాడుతున్నారు. 2021 మే నెలలో ఇద్దరికీ కరోనా సోకింది. జ్వరానికీ ఒళ్లునొప్పులకూ మందుల షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకున్నారు. నాలుగైదు రోజుల్లో నాన్నగారికి చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, అడుగు తూలడం మొదలయ్యాయి. పాత జబ్బే తిరగబెట్టిందనుకుని బంధువులు నిద్రమాత్ర అదనంగా వేశారు. అదే వారంలో అమ్మగారు ఆసుపత్రిలో చేరడంతో ఆయన్ను కనిపెట్టుకుని ఉండే మనిషే లేకపోయారు. అది నిజంగా జబ్బు తిరగబెట్టడమేనా, మళ్లీ అలాంటి కాలం వస్తే హైదరాబాదులో ఉన్న మీరు ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు.

గుంటూరు, విజయవాడల్లో చాలా ఏళ్లుగా వృద్ధులైన మానసిక రోగులను చూస్తున్న వైద్యుడిగా రాస్తున్నాను. చూడని రోగి గురించి, ఆనాటి రక్తపరీక్ష చీటీ చేతిలో లేకుండా ఖాయంగా తేల్చి చెప్పడం తగదు. అయినా మీరు చెప్పిన లక్షణాల వరస బైపోలార్ జబ్బు తిరగబెట్టే తీరులా లేదు. ఆ జబ్బు ఉద్రేకం వైపు తిరిగితే మనిషి నిద్రపోడు, మాటల వేగం పెరుగుతుంది, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడతాడు, లేనిపోని పనులు తలకెత్తుకుంటాడు. దిగులు వైపు తిరిగితే మంచం దిగడు, తిండి మీద ధ్యాస ఉండదు. అంతేగాని నాలుక మందగించడం, చెయ్యి పెద్దగా వణకడం, తాగినవాడిలా తూలడం మనోభావాల జబ్బు లక్షణాలు కావు. అవి రక్తంలో లిథియం మోతాదు మించినప్పుడు కనిపించే లక్షణాలు. సాధారణంగా వాంతులు, విరేచనాలు, మగతతో మొదలై, పట్టించుకోకపోతే ఫిట్స్ దాకా, స్పృహ తప్పడం దాకా పోతుంది.

ఎందుకలా జరుగుతుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. లిథియం కాలేయంలో విరిగిపోయే మందు కాదు, మూత్రపిండాల ద్వారా ఉన్నదున్నట్టు బయటికి పోతుంది. జ్వరంతో చెమటలు పోసి, విరేచనాలై, అన్నం నీళ్లు మానేసి, ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గినప్పుడు మూత్రపిండాలు ఉప్పును పట్టి ఉంచడానికి చూస్తాయి. ఉప్పుతో పాటు లిథియాన్నీ పట్టి ఉంచుతాయి. అంటే రోజూ వేసుకునే మాత్రల సంఖ్య మారకుండానే రక్తంలో మందు పెరిగిపోతుంది. దానికి తోడు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు మూత్రపిండాల పనిని ఇంకా మందగింపజేస్తాయి. మందుల షాపులో ‘జ్వరానికీ నొప్పులకూ కలిపి’ అని ఇచ్చే మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్‌తో పాటు అసిక్లోఫెనాక్ కలిసి ఉంటుంది. షాపు కుర్రాడికి మీ నాన్నగారు లిథియం మీద ఉన్నారని తెలియదు, మీ అమ్మగారికి ఆ మాత్రలో ఏముందో తెలియదు. గుంటూరులో మే నెల ఎండ సంగతి నేను చెప్పనక్కర్లేదు. జ్వరం లేకపోయినా ఆ నెలలో లిథియం రోగుల మీద ఒక కన్ను వేసి ఉంచాల్సిందే.

రక్తపోటు మందులనూ ఒకసారి చూడండి. టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ వంటివీ, హైడ్రోక్లోరోథయాజైడ్ అనే మూత్రం ఎక్కువగా వచ్చే మందూ లిథియాన్ని పెంచుతాయి. బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ అక్షరం ఉంటే అందులో ఈ హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉన్నట్టే సాధారణంగా అనుకోవచ్చు. వీటిని కలిపి వాడనే కూడదని కాదు, వైద్యుడికి తెలిసి, రక్తపరీక్షలతో వాడాలి. బీపీ ఉందని ఎవరో చెప్పగా ఆవకాయా ఉప్పూ ఒక్కసారిగా మానేసినా లిథియం పెరుగుతుంది. వృద్ధుల్లో లిథియాన్ని లీటరు రక్తానికి 0.4 నుంచి 0.8 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంచడం నా పద్ధతి. యువకుడు తట్టుకునే మోతాదు డెబ్బై ఏళ్ల శరీరానికి విషం కావచ్చు. ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీయాలి. పొద్దున మాత్ర వేసుకుని పరీక్షకు వెళితే ఆ లెక్క దేనికీ పనికిరాదు. దీనితో పాటు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, థైరాయిడ్, కాల్షియం కూడా కొన్ని నెలలకొకసారి చూస్తుండాలి. 2020లో ల్యాబులకు వెళ్లడానికి భయపడి చాలామంది ఈ పరీక్షలు మానేశారు, మందు మాత్రం మానలేదు. ప్రమాదమంతా అక్కడే వచ్చింది.

కాబట్టి జ్వరం వచ్చిన రోజున ఇంట్లో పాటించాల్సింది ఇది: జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. మజ్జిగ, గంజి, ఓఆర్‌ఎస్ ఆగకుండా తాగించాలి. వాంతులో విరేచనాలో పట్టుకున్నా, ఒక పూటంతా నీళ్లు దిగకపోయినా ఆ రోజే సైకియాట్రిస్టుకు ఫోన్ చేసి ‘లిథియం ఆపాలా, తగ్గించాలా’ అని అడగాలి. ఆయన తాత్కాలికంగా ఆపమని, రక్తపరీక్ష చేయించమని చెప్పడం సాధారణం. మాట ముద్దగా వచ్చినా, అడుగు తూలినా ఫోన్లతో కాలయాపన చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నిద్రమాత్ర మాత్రం వేయకూడదు. మగత ఎందుకు వచ్చిందో తెలియని మనిషికి మగత మందు వేస్తే అసలు జాడ మాసిపోతుంది, పైగా ఊపిరితిత్తులకు జబ్బు సోకి ఉంటే శ్వాస ఇంకా మందగిస్తుంది.

లిథియం సంగతి పక్కన పెట్టినా, ఏ మానసిక రోగం ఉన్న వృద్ధుడైనా జ్వరంలో ఉన్నట్టుండి తికమక పడుతుంటే ‘పాతదే’ అని తీర్మానించడం ప్రమాదకరం. దాన్ని మేము డెలీరియం అంటాం, మన పెద్దవాళ్లు సంధి ప్రేలాపన అంటారు. అమెరికాలో ఎమర్జెన్సీకి వచ్చిన 65 దాటిన 817 మంది కోవిడ్ రోగులను పరిశీలించి 2020 నవంబరులో ప్రచురించిన అధ్యయనంలో 28 శాతం మందికి వచ్చేటప్పటికే డెలీరియం ఉంది. వాళ్లలో మూడో వంతుకు పైగా మందికి జ్వరం, ఆయాసం వంటి మామూలు లక్షణాలు లేవు. అంటే తికమకే కోవిడ్‌కు మొదటి గుర్తు కావచ్చు. స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు ఉండే తీవ్రమైన మానసిక జబ్బు) ఉన్న పెద్దావిడ తికమక పడితే ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి వైద్యులు కూడా, ఊపిరితిత్తుల వైపు చూడకుండా పాత ఫైలు వైపు చూస్తారు.

రెండింటికీ తేడా పట్టడం అంత కష్టం కాదు. పాత జబ్బు రోజుల తరబడి, వారాల తరబడి ముదురుతుంది. డెలీరియం గంటల్లో వస్తుంది, పొద్దున తేటగా ఉండి సాయంత్రానికి ముదురుతుంది. పాత జబ్బులో అనుమానాలు ఉన్నా మనిషికి తాను ఎక్కడున్నాడో, ఇవాళ ఏ వారమో సాధారణంగా తెలుసు. మీ నాన్నగారు ఉపాధ్యాయులు కాబట్టి, ఒంట్లో బాగున్న రోజున తెలుగు నెలలను ఫాల్గుణం నుంచి చైత్రం దాకా వెనక్కి చెప్పమని అడిగి చూడండి. బాగున్నప్పుడు గడగడా చెప్పే మనిషి జ్వరంలో మాఘం, పుష్యం దగ్గరే దారి తప్పితే అది ధ్యాస చెదిరిందనడానికి గుర్తు. వెంటనే వేలికి ఆక్సీమీటరు పెట్టి చూడండి. ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గితే ఆయాసం లేకపోయినా ఆసుపత్రే. మూత్రం బిగించిందా, మలబద్ధకం ఉందా అని కూడా చూడాలి. స్కిజోఫ్రీనియా మందులతో పాటు వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వృద్ధుల్లో ఈ రెండింటినీ తెస్తుంది, దానంతటదే తికమక కూడా తెప్పించగలదు.

కోవిడ్‌కు ఇచ్చే స్టెరాయిడ్ల గురించి ఒక మాట. ఆక్సిజన్ అవసరమైన రోగికి డెక్సామెథసోన్ ప్రాణం నిలిపే మందు, దాన్ని వద్దనకూడదు. కానీ బైపోలార్ రోగికి అది నిద్ర చెడగొట్టి ఉద్రేకం తెప్పించగలదు, ఒలాంజపిన్ అనే మానసిక జబ్బు మందు వాడే వాళ్లకు చక్కెర మరింత పెంచగలదు. 2020లో విరివిగా రాసిన హైడ్రాక్సీక్లోరోక్విన్, అజిత్రోమైసిన్‌లను హాలోపెరిడాల్, ఎసిటలోప్రామ్ వంటి మానసిక జబ్బు మందులతో కలిపినప్పుడు గుండె లయ దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి ఈసీజీ చూడాలి. కోవిడ్ వైద్యుడికి ఇవన్నీ తెలుసు. ఆయనకు తెలియనిది మీ నాన్నగారు ఏ మందుల మీద ఉన్నారన్నదే.

పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లో ఉన్నాం కాబట్టి, మీకు సంబంధం లేకపోయినా చదివే మరొకరికి పనికొస్తుందని ఇది కూడా చెబుతున్నాను. బీడీ, సిగరెట్ పొగ, స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్ అనే మందును శరీరం త్వరగా ఖర్చు చేసేలా చేస్తుంది. లాక్‌డౌన్‌లో కొట్లు మూతపడి, రోజుకో కట్ట బీడీలు కాల్చే మనిషి ఒక్కసారిగా మానేయాల్సి వస్తే కొద్ది రోజుల్లోనే రక్తంలో క్లోజపిన్ బాగా పెరుగుతుంది. మత్తు, చొంగ, తూలడం, ఫిట్స్ రావచ్చు. బీడీ మానడం మంచిదే, కానీ ఆ సంగతి డాక్టరుకు చెప్పి మానాలి. ఇదే మందు వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే అది కరోనాయేనని ఊరుకోకుండా తెల్ల రక్తకణాల లెక్క చూడాలి. 48 గంటలకు మించి మందు ఆగిపోతే పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, 12.5 మిల్లీగ్రాముల దగ్గర నుంచి రావాలి.

ఇక మీ రెండో ప్రశ్న. 2020 మార్చి 25న దేశమంతా మూతపడేసరికి ఈ ప్రాంతంలో మానసిక రోగులకు మొదట తెగింది బస్సు. మే 21 దాకా ఆర్టీసీ బస్సులు మళ్లీ కదలలేదు. మాచర్ల నుంచి, వినుకొండ నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వచ్చి నెలకు సరిపడా మందులు తీసుకువెళ్లేవాళ్లు, రెండు మూడు వారాలకొకసారి ఇంజెక్షన్ వేయించుకునేవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. విజయవాడలో కొత్త ప్రభుత్వాసుపత్రిని రాష్ట్ర కోవిడ్ ఆసుపత్రిగా మార్చారు. మామూలు రోగులు అటు వెళ్లాలంటేనే జంకారు. మందు ఆగిన వారంలో ఏమీ కనిపించదు, ‘మందు లేకపోయినా బాగానే ఉన్నాడే’ అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నెలలు గడిచాక జబ్బు తిరిగి వస్తుంది. దాన్ని అప్పటి టీవీ వార్తల భయానికి ముడిపెట్టారే గాని, ఆగిన మందును లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువ.

ఆ మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్ నిబంధనలు ప్రకటించింది కాబట్టి ఫోన్‌లో చూసి చీటీ రాయడానికి ఇప్పుడు అడ్డంకి లేదు. అయితే నిద్రమాత్రల్లో చాలావాటిని అలా రాయడానికి పరిమితులున్నాయి. మీ నాన్నగారు వాటిలో ఏదైనా వాడుతుంటే అది ఒక్కసారిగా ఆగిపోయే పరిస్థితి రాకుండా డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. అలాంటి మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. వీడియోలో డాక్టరుకు ముఖం ఒక్కటే చూపిస్తే సరిపోదు. రెండు చేతులూ ముందుకు చాపించి వేళ్లు చూపించండి, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిపించండి, మిగిలిన మాత్రల పట్టీలను కెమెరా ముందు పెట్టండి. ఈ మూడింటితో నాకు తెలిసేది అరగంట మాటల్లో తెలియదు.

కానీ నేను ఎక్కువగా చెప్పదలచినది మందుల గురించి కాదు. ఆ రెండేళ్లలో నా దగ్గరికి వచ్చిన వృద్ధుల్లో బాగా దెబ్బతిన్నవాళ్లు కరోనా సోకినవాళ్లు కారు, తమను చూసుకునే ఒకే ఒక మనిషికి కరోనా సోకినవాళ్లు. మన ఇళ్లలో ముసలి రోగిని చూసేది సాధారణంగా మరో ముసలి మనిషే. భార్యో, పెళ్లికాని చెల్లెలో, ఒక్కోసారి తొంభైకి దగ్గరపడిన తల్లో ఉంటుంది. ఏ మాత్ర ఏ రంగుదో, ఏ మాటంటే ఆయనకు కోపం వస్తుందో, మజ్జిగలో కలిపిస్తే మందు దిగుతుందన్న కిటుకూ అన్నీ ఆవిడ తలలోనే ఉంటాయి. ఆవిడను అంబులెన్సు ఎక్కించిన క్షణాన అవన్నీ ఆవిడతో పాటు వెళ్లిపోతాయి. మీ ఇంట్లో జరిగిందీ అదే. కాబట్టి ఏర్పాటు చేయాల్సింది నాన్నగారికి కాదు, అమ్మగారు లేని పది రోజులకు.

దానికి బ్రాడీపేటలోనే, నడిచి వచ్చేంత దూరంలో ఉన్న ఒక మనిషి కావాలి. హైదరాబాదులో ఉన్న కొడుకు ఆ మనిషి కాలేడు, ఈ మాటకు నొచ్చుకోకండి. పాత శిష్యుడో, కింది వాటా వారో, పూజారిగారో, ఎవరైనా సరే, మీ నాన్నగారికి ఇప్పటికే అలవాటైన ముఖం కావాలి. ఆ మనిషి నెలకొకసారి అమ్మగారు చూస్తుండగా నాన్నగారికి మందు ఇచ్చి చూడాలి, ఒక్కసారి ఆసుపత్రికి వెంట వెళ్లాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, బాగున్న రోజున మీ నాన్నగారే తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి తనకు నచ్చిన వ్యక్తిని తన నామినేటెడ్ ప్రతినిధిగా, అంటే వైద్యం విషయంలో తన తరఫున నిలబడే మనిషిగా, నియమించుకోవచ్చు. ఆ వ్యక్తి కూడా తన సమ్మతిని రాసి ఇవ్వాలి. ఇద్దరూ ఒకేసారి జబ్బు పడే రోజుల్లో ఆసుపత్రి గుమ్మం దగ్గర ‘మీరెవరు’ అన్న ప్రశ్నకు ఇదే జవాబు.

రెండోది ఒక కాగితం. మందుల సంచీలో ఒకటి, బీరువా తలుపుకు లోపల వైపు అతికించి ఒకటి ఉండాలి. జబ్బు పేరు, మందుల పేర్లు, మోతాదులు, వేళలు, ఆఖరిసారి చూసిన లిథియం లెక్క, ఏ మందు పడదు, సైకియాట్రిస్టు ఫోను రాయండి. దాని కింద వైద్యం పుస్తకాల్లో ఉండనివి కూడా రాయండి. కుడి చెవి వినపడదు, కళ్లజోడు లేకపోతే కంగారు పడతారు, ‘మాస్టారూ’ అని పిలిస్తే పలుకుతారు, కొత్తవాళ్లు ఒంటి మీద చెయ్యి వేస్తే భయపడతారు. కోవిడ్ వార్డులో తోడు మనిషిని రానివ్వలేదు. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి సూటు వేసుకుని కళ్లు మాత్రమే కనిపించే మనుషుల మధ్య, తనను ఎవరో వెంటాడుతున్నారని ముప్పై ఏళ్లుగా అనుమానించే మనిషిని పడుకోబెడితే ఏమవుతుందో ఊహించండి. అలాంటి చోట నర్సు చేతికి అందిన ఈ ఒక్క కాగితం వల్ల మనిషిని మంచానికి కట్టే అవసరం తప్పిన సందర్భాలున్నాయి.

ఇక ఒంటరితనం. తీవ్రమైన మానసిక జబ్బుతో వయసు మళ్లినవాళ్లకు స్నేహితులు ఉండరు, పరిచయస్థులు ఉంటారు. ఇంట్లోవాళ్లు అది గమనించరు. విజయవాడ కృష్ణలంకలో స్కిజోఫ్రీనియా ఉన్న ఒక పెద్దాయన తమ్ముడి ఇంట్లో మేడమీద గదిలో ఉండేవారు. 2020 ఏప్రిల్‌లో ఆ ప్రాంతాన్ని కట్టడి చేసి దారులు మూసేశారు. కొన్నాళ్లకు ఆయన అన్నం మానేసి, గోడతో మాట్లాడుతున్నారని తమ్ముడు ఫోన్ చేశాడు. మందులు సరిగానే పడుతున్నాయి, జ్వరం లేదు. రోజూ ఎవరితో మాట్లాడేవారు అని అడిగితే ఎవరితోనూ లేదన్నారు. మళ్లీ అడిగితే, పొద్దున్నే సందు చివర టీ తాగేవారని చెప్పారు. వెళ్లి చూస్తే ఆయన రోజూ టీ వేళకు కిటికీ గట్టు మీద పది రూపాయల బిళ్ల ఒకటి పెడుతున్నారట, బిళ్లలు వరసగా పేర్చి ఉన్నాయి. టీ కొట్టాయన నంబరు కనుక్కుని, పొద్దున్నే ఒక్క నిమిషం ఫోన్ చేసి ‘చక్కెర తక్కువేనా బాబాయ్’ అని ఎప్పటిలా పలకరించమని బతిమాలుకున్నాం. మందు మోతాదు పెంచలేదు. వారంలో అన్నం తినడం మొదలైంది. అందరికీ ఇంత తేలిగ్గా కుదురుతుందని చెప్పను. మీ నాన్నగారి విషయంలో ఆ మనిషి ఎవరో, గ్రంథాలయంలోనో గుడి అరుగు మీదో ఆయనను రోజూ పలకరించేది ఎవరో మాత్రం ఇప్పుడే కనుక్కుని నంబరు రాసుకోండి.

ఇంట్లో వేళలు చెదరనివ్వకండి. బైపోలార్ రోగికి నిద్రవేళ కూడా మందే. వార్తాఛానెళ్లను పొద్దున ఒక అరగంటకు పరిమితం చేయండి. ఎవరైనా దగ్గరివాళ్లు పోతే ఆ సంగతి ఆయన దగ్గర దాచవద్దు. 2021లో చాలా ఇళ్లలో ‘ఈయనకు చెబితే తట్టుకోలేడు’ అని అన్నదమ్ముల చావులు దాచారు. ఆఖరి చూపూ లేదు, కర్మకాండలూ సరిగా జరగలేదు. నెలల తర్వాత ఎవరి నోటి వెంటో విని ఆ రోగులు కుంగిపోయారు, ఇంట్లోవాళ్ల మాట మీద నమ్మకం పోయి మందులు కూడా తీసుకోలేదు. దగ్గర కూర్చుని నెమ్మదిగా చెప్పాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి.

ప్రభుత్వం వైపు నుంచి అందేవి కొన్ని ఉన్నాయి. వార్డు సచివాలయంలోని ఆరోగ్య కార్యదర్శికీ, ఆశా కార్యకర్తకీ మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నారని ముందే తెలిసి ఉండాలి. కట్టడి సమయంలో మందుల సంచీతో గేటు దాటి రాగలిగేది వాళ్లే. జబ్బు పేరు బయటపడుతుందని మొహమాటపడి చాలామంది చెప్పరు, కనీసం ‘రోజూ ఆపకూడని మందుల మీద ఉన్నారు’ అనైనా చెప్పండి. టీకాలు సకాలంలో వేయించండి, మానసిక జబ్బు మందులు టీకాకు అడ్డు కావు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416 రాత్రీపగలూ తెలుగులో పలుకుతుంది, మీ అమ్మగారు తన బెంగ చెప్పుకోవడానికైనా వాడుకోవచ్చు. వృద్ధుల సహాయానికి 14567 ఉంది. ఈ నంబర్లను ఆ కాగితం అడుగున రాయండి. అయితే మాట ముద్దబారి అడుగు తూలిన రోజున మాత్రం ముందు 108కి ఫోన్ చేసి, వచ్చిన వాళ్లతో మొదటి మాటగా ‘ఈయన లిథియం వాడుతున్నారు’ అని చెప్పమని అమ్మగారికీ, ఆ పక్కింటి మనిషికీ నేర్పండి.